బీరువాలో దాచిన కథను బయటికి తీయడం ఎలా?

నెలకో ఆదివారం సాయంత్రం మా ఇంట్లో పదిమందిమి కూర్చుని, రాసుకున్నవి చదువుకుంటాం. హైదరాబాద్ విద్యానగర్‌లో రెండు గదుల ఇల్లు. చాపలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, టీ, ఉస్మానియా బిస్కెట్లు, అంతే. ఈ సంగతి నలుగురికీ తెలిసిన దగ్గర్నుంచి నన్ను అందరూ ఒకటే అడుగుతున్నారు. పెళ్లిలో పక్కన కూర్చున్నావిడ అడిగింది. కింది వాటా కుర్రాడు కూరగాయల బండి దగ్గర అడిగాడు. ఆమధ్య బ్యాంకులో కౌంటర్ అవతలున్నాయన గొంతు తగ్గించి మరీ అడిగాడు: "మేడమ్, నేనూ రాస్తుంటాను. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. ఆ ధైర్యం ఎట్లా వస్తుంది?"

విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి, అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ధైర్యం వచ్చాక రచన చూపించిన మనిషిని నేనింతవరకు చూడలేదు. మా ఇంటికొచ్చిన వాళ్లందరూ భయపడుతూనే చదివారు. అయితే కొందరు ఎవరికి చూపించాలి, ఎంత చూపించాలి, ఏం అడగాలి అన్నది ముందే తేల్చుకున్నారు. మిగతావాళ్లు దొరికిన మనిషి చేతిలో కాగితాలు పెట్టి, ఆ మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. మళ్లీ బీరువా తలుపు వేసేసుకున్నది ఎక్కువగా వీళ్లే. అందుకని కింద చెప్పేదంతా ఆ మూడు విషయాల చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

- పూర్తయిన చిన్న రచన ఒకటి. కథైతే మూడు నాలుగు పేజీలు, కవితైతే ఒక్కటి. నవల వద్దు. "మొదటి పది అధ్యాయాలు" అసలే వద్దు.
- దాని జిరాక్స్ కాపీలు రెండు. ఒరిజినల్ మీ దగ్గరే ఉండాలి.
- ఒక పెన్సిల్, రాసుకోవడానికి ఒక నోట్‌బుక్కు.
- మాట రికార్డయ్యే ఫోను.
- చదివే మనిషి. ఒక్కరు చాలు.
- క్యాలెండర్ మీద ఒక తేదీ.

1. ఏది చూపించాలో ఎంచుకోండి

మీకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని మొదట తీయకండి. దాని మీద ఒక్క మాట పడినా తట్టుకోలేరు. రెండో మూడో ఇష్టమైనదాన్ని తీయండి. మనింట్లో పెళ్లి వంట మొదలుపెట్టేముందు కొత్త వంటాయనతో ఒక రకం చేయించి చూస్తాం కదా, అలాగన్నమాట.

నిన్న రాత్రి రాసింది కూడా వద్దు. రాసిన వేడిలో అది అద్భుతంగానో, దరిద్రంగానో కనిపిస్తుంది. రెండూ నిజం కాదు. కనీసం వారం పక్కనపెట్టండి. ఇంట్లో ఎవరో పోయిన దుఃఖంలోనో, విడాకుల గొడవల మధ్యనో రాసుకున్నది ఉంటే దాన్ని ఇంకా చాలాకాలం అలాగే ఉంచండి. దాని మీద ఎవరైనా "ముగింపు కుదరలేదండీ" అంటే మీకు అది కథ గురించిన మాటలా వినిపించదు.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఆ కథలో ఏం జరుగుతుందో పైకి ఒక్క వాక్యంలో చెప్పండి. మధ్యలో మూడుసార్లు "అంటే..." అని ఆగాల్సొచ్చిందంటే అది ఇంకా పూర్తి కాలేదు, వేరేది తీయండి.

2. మీ భయం ఏ రకమో కాగితం మీద రాయండి

"భయంగా ఉంది" అని ఊరుకుంటే పని జరగదు. జ్వరం అని చెబితే డాక్టరు ఎప్పట్నుంచి, ఎంత అని అడగడూ? ఇదీ అంతే. నేను విన్నవాటిలో ఎక్కువగా వచ్చేవి ఇవి.

బాగోలేదంటారేమో. అంటారు. కొందరు తప్పకుండా అంటారు. దీనికి మందు నాలుగో మెట్టులో, ఏడో మెట్టులో ఉంది.

నా తెలుగు తప్పుల తడక. హైదరాబాద్‌లో ఈ మాట రోజూ వింటాను. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్లలు వత్తులు, దీర్ఘాలు తప్పుతాయని సిగ్గుపడతారు. పాతబస్తీలో పెరిగినవాళ్లు మా మాటల్లో సగం ఉర్దూ ఉంటుందంటారు. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లు "మా యాసలో రాస్తే నవ్వుతరేమో" అంటారు. అచ్చుతప్పులు దిద్దడానికి పక్కనుండే తెలుగు టీచరు ఒక గంట కూర్చుంటే చాలు, అదొక పెద్ద విషయమే కాదు. యాస దిద్దించుకోవద్దు. మనుషులు మాట్లాడే చోట మీ ఇంటి మాటే ఉంచండి. ఒకప్పుడు తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చింది. దానికి జవాబుగా గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. అంతమంది అప్పటికే రాస్తూ ఉన్నారు, అయినా లేరనే అన్నారు. రాసింది పెట్టెలోనే ఉంటే బయటివాళ్లకు లేనట్టే లెక్క.

ఎవరైనా కొట్టేస్తారేమో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. కాకపోతే ఆలోచనకు హక్కు లేదు, రాసిన తీరుకే ఉంటుంది. అత్తాకోడళ్లు ఒకే చీర కోసం పోట్లాడుకునే కథ మీరొక్కరే రాయాలని ఎక్కడా లేదు. జాగ్రత్త కోసం చిత్తుప్రతులు పారేయకండి, టైపు చేసిన ఫైలును మీ ఈమెయిల్‌కే ఒకసారి పంపుకోండి, తేదీతో సహా ఉండిపోతుంది. అసలు దొంగతనం జరిగేది వాట్సాప్ గ్రూపుల్లో. మూడు ఫార్వర్డులు దాటేసరికి మీ పేరు రాలిపోయి "ఎవరు రాశారో గానీ" అని తిరిగి మీకే వస్తుంది. కాబట్టి మొదట్లో గ్రూపుల జోలికి పోవద్దు.

ఇంట్లోవాళ్లు గుర్తుపడతారేమో. ఇది అసలైన భయం. ముఖ్యంగా ఆడవాళ్లకు. "అత్తయ్య పాత్ర రాస్తే మా అత్తగారే అనుకుంటారు" అని కథను ఇరవై ఏళ్లు మడతపెట్టుకున్నావిడ నాకు తెలుసు. పేరు మారిస్తే చాలనుకుంటారు గానీ చాలదు. మనుషులు తమను తాము పేరుతో గుర్తుపట్టరు, ఊతపదంతో గుర్తుపడతారు. అందుకని మూడు మార్చండి: ఊరు, చేసే పని, ఊతపదం. మీ అత్తగారు మాటకు ముందు "అబ్బే, మాకెందుకమ్మా" అంటారనుకోండి, కథలో ఆ మాట ఎవరి నోటా రానివ్వకండి. అయినా ఒక్కోసారి తప్పదు. నేను పాత ఇంటి పక్కాయన పిసినారితనం మీద రాస్తే ఆయన చదివి హాయిగా నవ్వాడు. మా బావగారు మాత్రం రెండేళ్లు మాతో మాట్లాడలేదు.

ఇది మరీ ఎక్కువగా ఉంటే కలం పేరు పెట్టుకోండి, చిన్నతనమేమీ కాదు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని ఎంతమందికి వెంటనే గుర్తొస్తుంది? ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కలం పేరు ముక్కూ మొహం తెలియని పాఠకుల దగ్గర పనిచేస్తుంది. ఎదురుగా కూర్చుని వినేవాళ్ల దగ్గర పనిచేయదు. పత్రికకు పంపేటప్పుడు కూడా ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో అసలు పేరు, చిరునామా ఇవ్వాలి.

3. మీకు మీరే పైకి చదువుకోండి

తలుపేసుకుని, ఫోన్లో రికార్డు పెట్టి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదవండి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ పెన్సిల్‌తో గీత. ఎక్కడ మీకే తొందరగా దాటేయాలనిపించిందో అక్కడ రెండు గీతలు. రెండు గీతలున్న చోట్లు కొట్టేయండి లేదా మళ్లీ రాయండి. మొదటిసారికి ఇంత దిద్దుబాటు చాలు.

రికార్డు విన్నాక "ఛీ, ఏంటిది ఇలా ఉంది" అనిపిస్తుంది. అది మీ గొంతు మీకు కొత్తగా వినబడటం వల్ల, రచన వల్ల కాదు. అందరికీ అలాగే ఉంటుంది. ఈ మెట్టు దగ్గర ఆగిపోయి పదకొండుసార్లు దిద్ది, చివరికి పదకొండోది మొదటిదానికంటే చప్పగా చేసుకున్నవాళ్లున్నారు. రెండుసార్లు దిద్దండి, ఆపండి.

4. మొదటి పాఠకుణ్ణి వెతకండి

ఇక్కడే నూటికి తొంభై మంది తప్పటడుగు వేస్తారు. ఎవరికి ఇవ్వకూడదో ముందు చెబుతాను.

భర్తకు గానీ భార్యకు గానీ ఇవ్వకండి, మొదటిసారి మాత్రం. వాళ్లు కథలో కథను చదవరు. "ఈ సుజాత ఎవరు?" దగ్గరే ఆగిపోతారు. అమ్మకు ఇవ్వకండి, ఆవిడకి మీరు ఏం రాసినా బంగారమే. మీకు తెలిసిన పెద్ద రచయితకు ఇవ్వకండి. ఆయన దగ్గర ఇలాంటివి నలభై కట్టలు ఉంటాయి, మీది నలభై ఒకటోది అవుతుంది. ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్లకు వద్దు. ముఖ్యంగా, మీ ఇంట్లో అద్దెకుండే వాళ్లకు ఇవ్వకండి. ఓనరు కథ బాగోలేదని చెప్పే అద్దెదారు జంటనగరాల్లో ఇంకా పుట్టలేదు.

మరెవరికి? కథలు చదివే అలవాటున్న మనిషి కావాలి, రాసే మనిషే కానక్కర్లేదు. మీతో లాభనష్టాల లెక్క లేనివారైతే మంచిది. ఇలా పరీక్షించండి: ఈమధ్య చూసిన సినిమా ఎలా ఉందని అడగండి. "సూపర్" అనో "చెత్త" అనో తేల్చేస్తే వదిలేయండి. "ఇంటర్వెల్ దాకా బాగానే పోయింది, ఆ అన్న పాత్ర ఎందుకొచ్చిందో అర్థం కాలేదు" అన్నారంటే మీ మనిషి దొరికినట్టే.

అలాంటివాళ్లు చుట్టూ ఎవరూ లేరంటారా? సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో మొదలైంది. అలాంటి గ్రంథాలయాల్లో తెలుగు కథల బీరువా దగ్గర నిలబడి పుస్తకాలు తిరగేసే మనుషులు ఇప్పటికీ కనిపిస్తారు. మాట కలపండి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి మాత్రం ఈ పనిమీద వెళ్లకండి, అక్కడ పోటీ పరీక్షల పిల్లలు తల ఎత్తరు, ఎత్తించడం పాపం కూడా. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికేవాళ్లూ, ఏటా డిసెంబరు ప్రాంతంలో జరిగే బుక్ ఫెయిర్‌లో తెలుగు స్టాళ్ల దగ్గర గంటలు గడిపేవాళ్లూ ఉంటారు. కుదిరితే ఒకటికి ఒకటి మార్పిడి చేసుకోండి: మీ కథ వారు, వారి కథ మీరు. ఇద్దరికీ భయమే కాబట్టి ఇద్దరూ మర్యాదగా ఉంటారు.

5. చేతికిచ్చేటప్పుడు ఏం చెప్పాలి

మనవాళ్లు ఇచ్చే తీరు చూస్తే జాలేస్తుంది. "ఊరికే ఏదో గీకాను, టైముంటే చూడండి, లేకపోయినా ఏం పర్లేదు, పెద్దగా బాగోదు లెండి." వినయం అనుకుంటాం. ఎదుటిమనిషికి అదెలా వినిపిస్తుందంటే, చదవకపోయినా ఫర్వాలేదని మీరే సెలవిచ్చినట్టు. పైగా చదివితే, మీరు ముందే బాగోదన్నారు కాబట్టి ఆ బాగోనిదాన్నే వెతుకుతూ చదువుతారు.

ఇలా చెప్పి చూడండి: "అన్నా, ఇది నేను రాసిన కథ. నాలుగు పేజీలు. వచ్చే ఆదివారం లోపల చదివి నాకు మూడు సంగతులు చెప్పాలె. ఎక్కడ బోరు కొట్టింది, ఎక్కడ అర్థం కాలేదు, చదివిన మర్నాడు ఏం గుర్తుంది." అంతే. ఆ మూడు ప్రశ్నలు కాగితం పైన పెన్సిల్‌తో రాసిచ్చినా మంచిదే.

"బాగుందా?" అని మాత్రం అడగకండి. దానికి మన మర్యాదలో ఒకటే జవాబు ఉంది.

చేతిరాతైనా ఫర్వాలేదు, అర్థమయ్యేలా ఉంటే. టైపు చేయించాలంటే డీటీపీ సెంటర్లో "యూనికోడ్‌లో కావాలి" అని ముందే చెప్పండి. 'అను' అనే పాత రకం ఫాంట్లలో చేసిచ్చిన మ్యాటరు ప్రింటులో బాగానే ఉంటుంది గానీ, దాన్ని ఫోన్లో పేస్టు చేస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. ఫోన్లోనే తెలుగు కీబోర్డుతో కొట్టుకుంటే ఈ తలనొప్పి లేదు.

వాట్సాప్‌లో పంపడం సులువే. కానీ నీలం టిక్కులు పడ్డాయా, ఎన్నింటికి పడ్డాయి, చూసి కూడా ఎందుకు జవాబివ్వలేదు అన్న టెన్షన్ మొదలవుతుంది. కాగితానికి నీలం టిక్కులు రావు. దూరంగా ఉన్నవాళ్లకు పంపక తప్పదంటే, సెట్టింగుల్లో ఆ టిక్కులు ఆపేసి పంపండి.

6. వారం రోజులు

ఏమీ చేయకండి. కలిసినప్పుడు అడగకండి. వారి మొహంలో అర్థాలు వెతకకండి. చెప్పిన తేదీ దాటాక ఒక్కసారి గుర్తుచేయండి, ఒక్కసారే. అప్పటికీ జవాబు రాకపోతే కథ బాగోలేదని అర్థం చేసుకోవద్దు. వాళ్లింట్లో మోటారు చెడిపోయి ఉంటుంది, పిల్లల పరీక్షలై ఉంటాయి, రోజూ మియాపూర్ నుంచి ఎల్బీనగర్ తిరిగే మనిషికి రాత్రి కళ్లు మూతపడుతుంటాయి. రెండో జిరాక్స్ అందుకే చేయించాం. ఇంకొకరికి ఇవ్వండి.

7. వాళ్లు చెప్పేది వినండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఒకే ఒక్క నియమం: మొదటి పది నిమిషాలు మీరు కథను సమర్థించకూడదు. "అక్కడ నా ఉద్దేశం ఏంటంటే" అని నోటిదాకా వస్తుంది. నోట్‌బుక్కు తీసి, వాళ్లు అన్నది అన్నట్టుగా రాసుకోండి. చెయ్యి పనిలో ఉంటే నోరు ఊరుకుంటుంది.

తర్వాత ఇంటికొచ్చి ఆ మాటలను విప్పుకోవాలి. తెలుగువాళ్ల మెచ్చుకోలుకు నిఘంటువు కావాలి మరి. నా అనుభవంలో తేలినవి చెబుతాను. "చాలా బాగుందండీ" అని అక్కడితో ఆపేస్తే చదవలేదు, లేదా మొదటి పేజీ చదివారు. "భాష బాగుంది" అంటే కథ పట్టుకోలేదు. "ఇంకా బాగా రాయగలరు మీరు" అంటే ఏదో కుదరలేదు గానీ అదేమిటో వాళ్లకూ తెలియలేదు, ఎక్కడ అని మళ్లీ అడగండి. "ఇది నిజంగా జరిగిందా?" అంటే సంతోషించండి. "పర్లేదు" అని హైదరాబాదీ ఎవరైనా అంటే, చివరిదాకా చదివారని నమ్మొచ్చు. ఇక "మా మేనత్త కూడా ఇట్లనే..." అని వాళ్ల కథ మొదలుపెట్టారనుకోండి, మీ కథ చేరాల్సినచోటికి చేరింది. ఆపకుండా వినండి.

పోయినేడాది మా ఆదివారాలకు వచ్చే ఒకావిడ కథ రాసింది. దిల్‌సుఖ్‌నగర్ బస్సులో ఒక ముసలమ్మ తన కొడుకింటి అడ్రసు రాసిన చీటీ పోగొట్టుకుంటుంది. ఐదు పేజీలు. చదివిన పెద్దాయన ఒకే మాటన్నాడు: "ముసలమ్మ బస్సు దిగంగనే కథ అయిపోయిందనుకున్నమ్మా, పేజీ తిప్పితే ఇంకా ఉంది." ఆవిడకి ఏడుపొచ్చింది. ఆ ఐదో పేజీలోనే ఆవిడ చెప్పాలనుకున్న నీతంతా ఉంది. రెండు వారాల తర్వాత ఆ పేజీ తీసేసి చదివింది. గదిలో కాసేపు ఎవరూ బిస్కెట్ కూడా ముట్టుకోలేదు.

ఏది దిద్దుకోవాలి, ఏది వదిలేయాలి? ఒకే చోటు గురించి ఇద్దరు చెబితే దిద్దండి. ఒక్కరే చెబితే నాలుగు రోజులు ఆలోచించండి. "ఆ అమ్మాయికి పెళ్లి చేసేయాల్సింది" లాంటి సలహాలిస్తే సలహా వదిలేయండి, కానీ ఏ పేజీ దగ్గర ఆ సలహా ఇచ్చారో గుర్తుపెట్టుకోండి. అక్కడేదో వదులుగా ఉంది.

కావాలని మనసు నొప్పించేవాళ్లూ ఉంటారు. "ఇవన్నీ ఎవడు చదువుతాడు?" అనే రకం. అది రచన గురించి చెప్పిన మాట కాదు, నోట్‌బుక్కులో రాసుకోనక్కర్లేదు. ఆ మనిషికి ఇంకోసారి ఇవ్వకండి, పోట్లాడకండి కూడా.

8. నలుగురి ముందు చదవడం

ఇద్దరు ముగ్గురికి చూపించాక దీనికి రండి, ముందు వద్దు. మొదట ఊరికే విని రావడానికి ఒకసారి వెళ్లండి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, రవీంద్రభారతి, బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ లాంటి చోట్ల సాహిత్య సభలు జరుగుతుంటాయి. వెనక వరుసలో కూర్చుని చూడండి. చదివేవాళ్లలో చాలామందికి కాగితాలు వణుకుతుంటాయి. ముందు వరుసలో కనిపించదు గానీ పక్కనుంచి చూస్తే తెలుస్తుంది.

ఇరవై ఏళ్ల కిందట నేను మొదటిసారి ఒక హాల్లో మైకు ముందు నిలబడ్డాను. నాలుగు నిమిషాల కవిత ఒకటిన్నర నిమిషంలో ముగించేశాను. తల ఎత్తలేదు. దిగిపోతుంటే ముందు వరుసలోంచి ఒక ముసలాయన, "అమ్మా, సగం వినపడలే. ఇంకోసారి చదువు, మాకేం తొందర లేదు" అన్నాడు. సభ నడిపేవాళ్లు గడియారం చూసుకుంటూనే ఉన్నారు. మళ్లీ చదివాను. ఆ రెండోసారే నేను చదవడం మొదలుపెట్టింది అనుకుంటాను ఇప్పటికీ.

అందుకని నేర్చుకున్నవి: ప్రింటు అక్షరాలు 16 సైజులో తీయించండి. పేజీకి ఒకవైపే. పేజీ నంబర్లు తప్పకుండా వేయండి, మైకు ముందు కాగితాలు కింద పడితే వరుస దొరకదు. ఊపిరి తీసుకోవాల్సిన చోట నిలువు గీత పెట్టుకోండి. చెయ్యి వణుకుతుందనుకుంటే కాగితాలను పరీక్ష అట్టకు క్లిప్ చేసి పట్టుకోండి, అట్ట వణకదు. నాలుగు నిమిషాలు మించొద్దు, ఇంట్లో ఫోన్లో సమయం పెట్టి చూసుకోండి. నీళ్లు ముందే తాగండి. "గొంతు బాగోలేదు, క్షమించాలి" అనకండి. పేరు, రచన పేరు చెప్పి మొదలుపెట్టండి. అయిపోయాక "అంతేనండి, ఏదో నాకు తోచింది" అని తోక తగిలించకండి. ఆఖరి మాట మీ కవితదే కానివ్వండి.

సభలు అసలు కుదరవు అంటే ముగ్గురు నలుగురు కలిసి ఎవరింట్లోనైనా కూర్చోండి, ఇందిరా పార్కులో ఉదయంపూట బెంచీ మీదైనా సరే. ఇరానీ హోటల్లో మాత్రం వద్దు. చదివాక చాయ్‌కి వెళ్లండి, చదవడానికి కాదు. "దో చాయ్, ఏక్ బన్ మస్కా" కేకల మధ్య విషాద కవిత చదివి చూశాం మేము.

9. పత్రికకు పంపడం

ఇది తర్వాతి మెట్టు, కాబట్టి క్లుప్తంగా. ఆ పత్రిక నాలుగు సంచికలు చదివాకే పంపండి. ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. హామీపత్రం జతచేయండి: ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని. పంపిన తేదీ రాసి పెట్టుకోండి. చాలాసార్లు జవాబే రాదు. ఎన్నాళ్లు ఆగాలో పత్రిక చెప్పకపోతే మూడు నెలలు చూసి, ఉపసంహరించుకుంటున్నానని ఒక ముక్క రాసి, ఇంకోచోటికి పంపండి. వేసుకోలేదంటే ఒక ఎడిటర్‌కు ఆ వారానికి సరిపడలేదని, అంతకు మించి ఏమీ లేదు.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

ఎంతమంది మెచ్చుకున్నారని లెక్కపెట్టకండి, ఆ లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ఇవి చూసుకోండి. చదివినవాళ్లలో ఎవరికైనా మీ కథలో ఒక వాక్యమో, ఒక వస్తువో వారం తర్వాత కూడా గుర్తుందా? ఎవరైనా చెప్పినదాంతో మీరు కనీసం ఒక్క పేజీ మళ్లీ రాశారా? మొదటి కాగితం ఇవ్వడానికి నెల పట్టిందనుకోండి, రెండోది ఇవ్వడానికి వారం పట్టిందా? కొత్తది మొదలుపెట్టారా?

చూపించాక నెల రోజులు పెన్ను పట్టుకోలేదంటే, మీరు మరీ పెద్ద మెట్టు ఒకేసారి ఎక్కేశారన్నమాట. తప్పేం లేదు. సభలూ పత్రికలూ పక్కనపెట్టి, మళ్లీ ఒక్క పాఠకుడి దగ్గరికి, చిన్న రచనతో వెళ్లండి. రెండోసారీ అదే జరిగితే ఆ మనిషిని మార్చండి.

నెలలు గడిచినా ఎవరికీ ఇవ్వలేకపోతున్నారా? మీది కాని కథొకటి, మీకు నచ్చింది, ఎవరికైనా చదివి వినిపించండి. ఇంట్లో అమ్మమ్మకో, హాస్టల్లో గదిలో ఉన్న అమ్మాయికో. నాలుగైదుసార్లు అలా చదివితే, పక్కన మనిషి వింటుండగా చదవడం గొంతుకు అలవాటవుతుంది. ఐదోసారి మీది చదవండి, చివర్లో ఎవరిదో చెప్పండి.

ఆఖరుగా, బ్యాంకాయన మొన్న మళ్లీ కనిపించి అడిగింది: "మేడమ్, కథ ఇచ్చాను. ఆయన చదివాడు, మూడు సంగతులూ చెప్పాడు. కాగితాలే తిరిగివ్వడం లేదు, అడిగితే బాగుండదేమో?" అడగకండి. వాళ్లావిడ చదువుతుండొచ్చు, తోడల్లుడికి ఇచ్చి ఉండొచ్చు, వంటింట్లో డబ్బాల కింద పరిచి ఉండొచ్చు కూడా. పోయింది జిరాక్సే. ఒరిజినల్ బీరువాలోనే ఉంది కదా.